అమ్మ పేరు మీద మొదటి ఫారం

మా అక్క మనవరాలు పక్కన కూర్చుని గోళ్ళరంగు వేసుకుంటోంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే లాప్‌టాప్ మీద నా చెయ్యి ఆగిపోయింది. ఒకప్పుడు కాపీలు తీసే స్టెన్సిల్ కాగితం మీద తప్పులు దిద్దే ఎర్ర ద్రవానిది అచ్చం ఇదే వాసన. నేనిప్పుడు ఒక సంస్థకు సర్వే ఫారాలు తయారుచేసి పెడుతున్నాను. కోడింగ్ రానక్కర్లేదు, తెర మీద గళ్ళు లాగి పెట్టుకుంటే ఫారం సిద్ధం. రజియా మేడం చూస్తే ఏమనేదో! ఒక్కో గడినీ ఆమె ఇనుపకలంతో స్టెన్సిల్ మీద గీసేది. చెయ్యి కాస్త బరువైతే కాగితం చిరిగిపోయేది.

ఎనభైల్లో, వరంగల్‌లో, నా మొదటి ఉద్యోగం ఆమె కిందే. మగ్గం పనివాళ్ళకు కార్డులివ్వడానికి ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకునే ఆఫీసు మాది. కార్డు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకు దవాఖానలో మందులు ఉచితం. నూలు దుమ్ముకు దగ్గని ఇల్లు లేని మట్టెవాడ గల్లీల్లో అదేం చిన్న సంగతి కాదు. మేడంకు ఒక పద్ధతి ఉండేది. ఏ ఫారమైనా వీధిలోకి తీసుకెళ్ళే ముందు సొంత తల్లి పేరు మీద నింపి చూపించాలి. నేనూ నింపాను. వృత్తి దగ్గర ‘ఏమీ లేదు’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, మెచ్చుకుంటుందని ఎదురుగా నిలబడ్డాను.

“మీ నాయన జంపఖానాలు నేస్తడు గదా. నూలు కండెలెవరు చుడ్తరు బిడ్డా?” అని అడిగింది.

అమ్మ చుడుతుందని, పొద్దంతా చుడుతూనే ఉంటుందని చెప్పాను.

“మరి ఏమీ లేదని ఎట్ల రాసినవ్?”

సిగ్గుతో చచ్చిపోయాను. రోజూ రాట్నం చప్పుడుకే నిద్రలేచినదాన్ని, ఆ రాట్నం పెట్టిన చదువుతోనే ఆ మాట రాశాను.

మేడం కోపం మాత్రం నా మీద కాదు, ఫారం మీద. ఇంటికి ఒక్క పేరు, ఒక్క వృత్తి, అంతే చోటు. ఇంట్లో ఒక్కొక్కరూ పొద్దుటి నుంచి ఏం చేస్తారో రాసేలా ఆమె కొత్త స్టెన్సిల్ గీసింది. పై అధికారి అది చూసి, ఇంట్లో ఆడవాళ్ళు చేసేది పనెలా అవుతుందని నవ్వాడు. నవ్వాడండీ! ఆయన కాళ్ళ కింద పరిచిన జంపఖానా నూలు ఎవరు చుట్టారో ఆయనకేం తెలుసు? మేడం వాదించలేదు. కాపీలు తీసి ప్రతి ఫారానికీ వెనకాల పిన్ను పెట్టించింది. గల్లీల్లో ఆడవాళ్ళు, మా పేర్లు గూడ రాస్తరా అని రెండేసిసార్లు అడిగి మరీ చెప్పారు. అమ్మయితే రాట్నం ఆపకుండానే తన వివరాలు చెప్పింది.

ఫారాలు పైకి పంపే రోజు మేడం సెలవులో ఉంది. వెనకున్న కాగితాలన్నీ తీసెయ్యమని అధికారి నాకే చెప్పాడు. కొత్త ఉద్యోగం. ఒక్కో పిన్నూ తీశాను. అమ్మ కాగితానిదీ తీశాను. మర్నాడు మేడం నా బల్ల మీద పిన్నుల కుప్ప చూసింది. తిడుతుందనుకున్నాను.

“తీసేటప్పుడు పేర్లు చదివినవా?” అంది.

లేదన్నాను.

“జర చదవాలె బిడ్డా.”

అంతే. నెల తిరక్కుండా ఆమెను పరకాలకు బదిలీ చేశారు. నాన్నకు కార్డొచ్చింది. అమ్మను దగ్గుతో దవాఖానకు తీసుకెళ్తే, లిస్టులో పేరు లేదు, మందులు బయట కొనుక్కోమన్నారు. ఆ అధికారి మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు. కానీ పిన్నులు తీసిన చెయ్యి నాది. దాని మీద కోపం ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఈ తెర మీది రెడీమేడ్ ఫారం చూడండి. వృత్తి దగ్గర ‘గృహిణి’ అని నొక్కితే చాలు, పని గురించిన ప్రశ్నలన్నీ వాటంతటవే మాయమైపోతాయి. ఎవరు పెట్టారో ఈ నియమం, పిన్నులు తీసే శ్రమ కూడా లేకుండా చేశారు! ముందు దాన్ని తీసేశాను. తర్వాత, ప్రతిసారీ చేసినట్టే, మొదటి ఫారం అమ్మ పేరు మీద నింపాను. పని: కండెలు చుట్టడం. ఎంతసేపు: పొద్దంతా. ఇక్కడ అంకెలే వేయాలని ఎర్రక్షరాలు వచ్చాయి. మాటలు కూడా రాసేలా ఆ గడిని మార్చాను. పంపే ముందు అమ్మ పేరు పైకి చదివాను.