పొడిపొడిగా వచ్చిన సగ్గుబియ్యం ఉప్మా

ఆపరేషనయ్యాక మా ఆవిడకి ఇదే మొదటి ఏకాదశి. ఉపవాసం మానదు. మధ్యాహ్నం మాత్రేమో ఖాళీ కడుపుతో వేసుకోకూడదు. అందుకని పొద్దున్నే సగ్గుబియ్యం ఉప్మా నేనే చేశాను. అంతా ముద్దయిపోయింది.

"ఏటండిది, గోడకి పోస్టర్లు అంటిత్తారేటి?" అంది మంచం మీంచే.

"మాత్ర టైముకి ఇంకోటి సేత్తాను, సూడు," అన్నాను.

అనకాపల్లి మెయిన్‌రోడ్డుకెళ్ళి మళ్ళీ సగ్గుబియ్యం తెచ్చాను. పిండి పోయేదాకా నాలుగుసార్లు కడిగి, కొద్ది నీళ్ళలోనే నానబెట్టి, గుడ్డమీద ఆరబోశాను. వేరుశనగపొడి కలిపి, సన్నసెగ మీద కలుపుతూ మూకుడు దగ్గరే నిలబడ్డాను. ఈసారి గింజకి గింజ అంటుకోలేదు.

ఆవిడ ప్లేటు ఖాళీ చేసింది. మాత్ర మింగి, "వచ్చే ఏకాదశికీ మీరే సేసీండి," అంది.

మెచ్చుకుందో, పని అప్పగించిందో ఇంకా తేలలేదు. అనుభవమున్న మగవాళ్ళెవరైనా చెప్పండి.