అంకె వేసిన పీతలు

హలమాకా ఊళ్లో తొంగియా పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి అడవిలో తిరుగుతూ చెట్లెక్కే కొబ్బరి పీతలే. ఏ బండ సందులో ఏ పీత కాపురముంటుందో, ఎప్పుడు కుబుసం విడవడానికి గోతిలో దూరుతుందో, కొబ్బరిచెక్క ఎన్ని రోజులు మాగితే ఆ వాసనకి బయటికొస్తుందో అతనికి తెలిసినంతగా నియూ దీవిలో ఇంకెవరికీ తెలియదని పేరు. చేమతోట సంగతి మాత్రం అతనికి పట్టేది కాదు. అదంతా భార్య ఫిసి చూసుకునేది. మా ఆయన పీతలకి మొగుడు, నాకు చుట్టమని ఆమె చర్చి మెట్లమీద నలుగురికీ వినబడేలా అనేది. అతను నవ్వేసి ఊరుకునేవాడు.

ఆ ఏడాది ఊరి పెద్దలకి ఒక దిగులు పట్టుకుంది. దొరికే పీతలు ఏటికేడాది చిన్నవైపోతున్నాయి. తూర్పు అడవిని మూడేళ్లు మూసేసి ఎవరూ వేటాడకుండా చూద్దామని కొందరన్నారు. బోలెడున్నాయి, మూస్తే విందుల్లో ఏం పెడతామని మరికొందరు అడ్డం పడ్డారు. తొంగియా మూయాలన్న పక్షమే. సరిగ్గా అప్పుడే సమోవా నుంచి సెఫీనా అనే అమ్మాయి కొబ్బరి పీతల మీద పరిశోధనకి వచ్చింది. ఆమె లెక్క ఎలా తేలితే అలా నడుచుకుందామని పెద్దలు తీర్మానించారు. ఆమెకి అడవి చూపించే పని తొంగియాకి, తిండి పెట్టే పని ఫిసికి పడ్డాయి.

తూర్పు అడవిలో నేలంతా కత్తుల్లాంటి రాళ్లు. మొదటి వారంలోనే సెఫీనా రెండు జతల చెప్పులు తెంపుకుంది, మోకాళ్లు చెక్కుకుంది. అయినా పట్టు వదల్లేదు. ఆమె కోసం తొంగియా కత్తి పట్టి బాట కొట్టాడు. బాట పొడవునా కొబ్బరిచెక్కలు కట్టాడు. వాటికి పడిన ప్రతి పీతనీ ఆమె కొలిచి, వీపుమీద తెల్లరంగుతో అంకె వేసి, మళ్లీ వదిలేసేది. చేతికొచ్చిన పీతని వదిలెయ్యడం తొంగియా బుద్ధెరిగాక చూడలేదు. మొదటిదాన్ని వదిలినప్పుడు అతని ప్రాణం ఉసూరుమంది. అలా అరవై నాలుగింటికి అంకెలు పడ్డాయి.

"నెల ఆగి మళ్లీ పడతాం బాబాయ్," అని ఆమె వివరించింది. "పడ్డవాటిలో అంకెలున్నవి ఎక్కువగా కనబడితే అడవిలో ఉన్నవి కొద్దే అన్నమాట. అంకెల్లేనివే ఎక్కువగా పడితే ఇంకా బోలెడున్నట్టు."

ఆదివారం ప్రసంగానికి ఊపినట్టే తొంగియా తల ఊపాడు. అతని కళ్లు అప్పుడే చెట్టు దిగుతున్న ఒక పెద్ద పీతమీద ఉన్నాయి.

ఆ నెల గడవకుండానే మనవరాలు లోసాకి చెవులు కుట్టించే వేడుక వచ్చింది. ఆక్లాండ్ నుంచి చుట్టాలు దిగారు. వేడుకకి వచ్చిన ప్రతి కుటుంబానికీ పంది మాంసం, చేమదుంపలు, పీత కలిపి వాటా కట్టి పంపాలి. పీత లేని వాటా పంపిన ఇంటి పరువు ఏళ్లతరబడి జనం నోళ్లలో నానుతుంది. తొంగియా రెండు నెలలుగా సెఫీనా వెంట తిరగడంతో పీతల్ని మేపే పెట్టెలు ఖాళీగా పడున్నాయి.

"తొంభైమంది వస్తున్నారు," అంది ఫిసి. "వాటాల్లో పీతలు పెడతావా, ఆ పిల్ల పుస్తకంలో అంకెలు పెడతావా?"

అతను ముందు పడమటి అడవికే వెళ్లాడు. రోజంతా తిరిగితే నాలుగు దొరికాయి, అవీ అరచేతిలో పట్టేంతవి. మర్నాడు తెల్లవారగానే కాళ్లు వాటంతటవే తాను కొట్టిన బాట పట్టాయి. అంకెలు వేసినవి తాను కట్టిన చెక్కలమీదే కూర్చుని మేస్తున్నాయి. ఒక్కటి తీస్తే ఏమవుతుందిలే అనుకున్నాడు. ఆ ఒక్కటీ గోనెలో పడ్డాక రెండోది బరువనిపించలేదు. మూడు ఉదయాల్లో నలభై మూడు తెచ్చాడు. ఫిసి పెరట్లో కూర్చుని ఇసుకా కొబ్బరిపీచూ పెట్టి వాటి వీపులమీది రంగు తోమేసింది. ఉడికాక అన్నీ ఎరుపే కదా అని ఇద్దరూ సర్దిచెప్పుకున్నారు.

అతిథికి అన్నిటికన్నా పెద్దది పెట్టాలి గనక సెఫీనాకి పెట్టారు. ఆమె తోకలోని కొవ్వు వేళ్లతో తీసుకు తిని, ఇంత రుచి ఎక్కడిది బాబాయ్ అని అడిగింది. పడమటి అడవిదని చెప్పాడు.

రెండో విడత పట్టుడు అయింది. ఎనభై పీతలు పడ్డాయి. అంకెలున్నవి నాలుగే. సెఫీనా పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది.

"ఊళ్లో ఎవరైనా అంకెలున్నవాటిని పట్టుంటారంటావా బాబాయ్?"

"మనవాళ్లు అలాంటి పని చెయ్యరమ్మా."

ఆమె మొహం విచ్చుకుంది. "అయితే వెయ్యికి పైనే ఉన్నాయి. మీ అడవికేం దిగుల్లేదు."

తల ఊపేసి వదిలేసిన మాటలన్నీ అప్పుడు బోధపడ్డాయి తొంగియాకి. అంకెలున్నవి మాయమైతే లెక్క పెరుగుతుంది. తాము తిన్న నలభై మూడూ కాగితంమీద ఎనిమిది వందలై లేచి కూర్చున్నాయి. తూర్పు అడవిలో అయిదొందలు కూడా లేవని అతనికి తెలుసు. చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. కానీ చెప్పాలంటే, నువ్వు మా ఇంట్లో తిన్నది నీ అంకె వేసిన పీతేనమ్మా అని కూడా చెప్పాలి. అతిథితో ఆ మాట అనడానికి నోరు రాలేదు. విమానం రోజున ఆమె మెడలో గవ్వల దండ వేసి, తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చాడు.

పెద్దల సభలో సెఫీనా లెక్క చదివారు. మూయాలన్నవాళ్లు తలదించుకున్నారు. తొంగియా కూడా ఒక మూల తల దించుకుని కూర్చున్నాడు. పీతల సంగతి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషినే ఆ రోజు ఎవరూ ఏమీ అడగలేదు. అడిగినా ఏం చెప్పేవాడో అతనికే తెలియదు.

అడవి తెరిచే ఉంది. చదువుకున్న పిల్ల బోలెడున్నాయని రాసిచ్చాక జనానికి అడ్డేముంది? విందులు పెరిగాయి, విమానమెక్కే ప్రతి చుట్టం చేతిలోనూ పీతల పెట్టె కనబడసాగింది. తొంగియా మాత్రం అడవికి వెళ్లడం మానేశాడు. ముసలితనం వచ్చిందని జనం అనుకున్నారు. పీతలకి విడాకులిచ్చాడని ఫిసి చెప్పలేదు. ఆ వేళాకోళాలు ఆమె ఎప్పుడో మానేసింది. తొమ్మిదో ఏడు వచ్చేసరికి తూర్పు అడవిలో కట్టిన కొబ్బరిచెక్కలు కట్టినట్టే కుళ్లిపోయాయి.

పన్నెండేళ్లకి సెఫీనా మళ్లీ వచ్చింది, ఈసారి పెద్ద ఉద్యోగంలో. పది రోజులు అడవంతా గాలించింది. పందొమ్మిది పీతలు దొరికాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అడవి మూసెయ్యడానికి ఊరంతా సభ కూడింది. సెఫీనా లేచి నిలబడింది.

"అప్పుడు నేను ఇంకా చదువుకుంటున్నదాన్ని. ఎక్కడో లెక్క తప్పాను. ఎక్కడ తప్పానో ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను, దొరకలేదు. మీరు నా మాట నమ్మి అడవి పోగొట్టుకున్నారు. నన్ను క్షమించండి."

చర్చి పెద్దల్లో అందరికన్నా వయసు మీరినవాడు ప్రార్థన చెయ్యడం సభల్లో ఆనవాయితీ. అప్పటికి ఆ పెద్ద తొంగియాయే. అతను లేచాడు. ఇప్పుడైనా చెప్పేస్తాననుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ నోరు తెరిచేసరికి నలభై ఏళ్ల అలవాటుకొద్దీ తండ్రీ అన్న మాట ముందొచ్చింది, దాని వెనకాల మిగతావి వరస కట్టాయి.

"తండ్రీ, ఈ బిడ్డ తెలియక చేసిన తప్పు క్షమించు. ఆమె మనసుకి శాంతినియ్యి."

ఊరంతా ఆమెన్ అంది. సెఫీనా వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్లల్లో నీళ్లు.

"నువ్వా మాటన్నాక గుండె తేలికైంది బాబాయ్," అంది.

భార్యాభర్తలిద్దరూ ఇంటిదారి పట్టారు. సగం దూరం వెళ్లాక ఫిసి ఆగింది.

"అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు రాలేదు."

తొంగియా కూడా ఆగాడు.

"నాకెలా వచ్చిందే ఫిసీ?" అన్నాడు.

ఆమె మళ్లీ నడక సాగించింది. సెఫీనా విమానమెక్కేదాకా అతను గుమ్మం దాటలేదు.