లాన్‌లో నక్షత్రం

నేను అక్షరాలు దిద్దింది నలభై దాటాక. అంతకుముందు నాకు వచ్చిన చదువల్లా ఆకు, ముల్లు, మొగ్గ. అదీ ఒక చదువేనని చదువుకున్నవాళ్ల ముందు అనే ధైర్యం ఎవరికుంటుంది?

రాష్ట్రం ఒకటయ్యాక కోస్తా నుంచి వచ్చిన ఒక ఆఫీసరుగారింట్లో, నాంపల్లిలో, నేను తోటపని చేసేదాన్ని. జీతం పేరుకే. అసలు జీతం ఇంటి వెనక గది. అందులో నేనూ, చూపు పోయిన మా అత్తా ఉండేవాళ్లం. అది పోతే మాకు రోడ్డే.

ఒక ఆదివారం ఆయన అబిడ్స్ ఫుట్‌పాత్ మీద గులాబీల పెంపకం గురించి పాత తెలుగు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చారు. సాయంత్రానికల్లా పండితులైపోయారు. లాన్ మధ్యలో నక్షత్రం ఆకారంలో గులాబీ మడి వేయాలని కాగితం మీద స్కేలు పెట్టి గీశారు.

"సాబ్, గీ మూలలల్ల మొక్క పట్టదు. గుండ్రంగ తీద్దాం," అన్నాను.

"నక్షత్రానికి మూలలుంటాయమ్మా," అన్నారు నామీద జాలిపడి.

సరే, తవ్వాను. పచ్చటి గడ్డి పెళ్లలుగా లేపి, మోకాలి లోతు తీసి, స్టేషన్ ముందు టాంగాల దగ్గర ఎత్తుకొచ్చి మాగబెట్టిన గుర్రప్పెంట నింపాను. మూలల్లో ఏం నాటాలో పుస్తకంలో లేదట. అక్కడ మళ్లీ గడ్డే మొలిచింది.

దసరా వెళ్లాక అంట్లు నాటాం. అంటు గులాబీకి కింద అడవి గులాబీ వేరు, పైన దానికి అతికించిన మంచి గులాబీ చిగురు కన్ను. అతుకు కింద నుంచి వచ్చే చిగురు అడవిది. తుంచకపోతే బలమంతా తానే తాగి పైదాన్ని ఎండగొడుతుంది. నక్షత్రం నడిమధ్య మొక్కకు సరిగ్గా అదే చిగురు లేచింది. అయ్యగారి ఆనందం చెప్పలేం.

"చూశావా, పుస్తక ప్రకారం చేస్తే ఎంత ఏపుగా వస్తుందో!"

"అది అడివిది సాబ్, కొయ్యాలె. చూడున్రి, రెమ్మకు ఏడాకులున్నయి. మంచిదానికి అయిదే."

"నీకు చదవడం వచ్చా?"

"రాదు సాబ్."

"మరింకేం? ఒక్క కొమ్మ కోశావంటే గది ఖాళీ చెయ్యాలి. పుష్యమాసంలో మా పెద్దాఫీసరు టీకి వస్తున్నారు. అప్పటికి పూలు లేకపోయినా ఖాళీ చెయ్యాల్సిందే."

కోస్తే గది పోతుంది. కోయకపోతే పూలు రావు, గది పోతుంది. చదువుకున్నవాళ్ల న్యాయం ఎంత చక్కగా ఉంటుందో!

మర్నాటి నుంచి ఆయన స్నానానికి వెళ్లగానే కలుపు తీస్తున్నట్టు కూర్చుని, మిగతా మొక్కల అడవి చిగుళ్లు తుంచి కొంగులో వేసుకునేదాన్ని. మధ్యదాని జోలికి పోలేదు. దాన్ని ఆయన రోజూ జానతో కొలిచేవారు. ఒకనాడు వెనక నుంచి అమ్మగారు, "ఏం దాస్తున్నావే కొంగులో?" అన్నారు.

"అమ్మా, సాబ్‌కు చెప్పకున్రి. మా గది పోతది."

ఆవిడ స్నానాలగది వైపు ఒకసారి చూశారు. "నేనేం చూళ్లేదులే. కానీ పూలొచ్చాక రోజూ ఒకటి నా దేవుడికి. ఆయన నన్ను కోసుకోనివ్వరు."

"ఔనమ్మా. గుర్రం పెంటల పూసిన పువ్వు, మీ దేవునికి నడుస్తదా?"

"అది దేవుడికి చెప్పకు."

పెద్దాఫీసరు వచ్చిన రోజు మడి చుట్టూ ఎర్రగా, పసుప్పచ్చగా విరగబూసింది. నడిమధ్య మాత్రం మనిషెత్తు కంప, ఒక్క పువ్వు లేదు.

"చుట్టూ బ్రహ్మాండంగా ఉందయ్యా. మధ్యలో ఈ ముళ్లకంపేంటి?"

అయ్యగారు ఒకసారి దగ్గారు. "అవన్నీ పుస్తకం చూసి నేను పెంచినవండీ. ఆ ఒక్కటీ మా తోటమనిషికి వదిలేశాను. చదువురాని మనిషి."

నేను టీ ట్రేతో పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ గదికి నేను కట్టిన కిరాయి అదే.

ఏళ్ల తరవాత వాళ్లకు బదిలీ అయింది. ఆ పుస్తకాన్ని చిత్తుకాగితాల్లో పడేసి వెళ్తే నేను తీసి దాచుకున్నాను. అక్షరాలొచ్చాక వేలు పెట్టి చదువుతూ పోతే, నడుమ రెండు పుటలు అచ్చాఫీసులో కోయకుండా అంటుకునే ఉన్నాయి. ఆయనా కోయలేదు, ఆయనకంటే ముందు కొన్న మహానుభావుడూ కోయలేదు. నా తోట కత్తితో కోశాను.

'అతుకు క్రింద వచ్చు చిగుళ్లను ఎప్పటికప్పుడు త్రుంచివేయవలెను.'

కూడబలుక్కుని చదవడానికి ఒక పూట పట్టింది. కొత్తగా ఏమీ తెలియలేదు.