జింకల సెలవు... నాన్న భుజం

మా చిన్నప్పుడు... నవంబర్ సగంలో బడికి ఒకరోజు సెలవిచ్చేవారు. పండక్కి కాదు, మంచుకీ కాదు... జింకల వేట మొదలయ్యే రోజని! అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో బాగా ఉత్తరాన, అడవుల మధ్య చిన్న ఊరు మాది. నాన్న అక్కడ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఇంజినీరు. నాలుగు తెలుగు మాటలు చెవిన పడాలంటే నోవై నగరంలో తెలుగువాళ్ల చర్చికి మూడు గంటలు డ్రైవ్ చేయాలి.

ఆ రోజు తెల్లారేసరికి ఊరు ఊరంతా, వేటలో ఒకరికొకరు దూరానికి కనబడేలా, నారింజరంగు కోట్లు వేసుకుని అడవిలోకి వెళ్లిపోయేది. వీధి మొత్తం మీద మా ఇంట్లోనే మనుషులుండేవాళ్లు. అమ్మ ఉప్మా చేసేది... నేను కిటికీ దగ్గర కూర్చుని ఖాళీ రోడ్డు చూసేదాన్ని.

సెలవు కంటే మర్నాడంటేనే నాకు భయం. ఎక్కడ కూర్చున్నారో, ఏం చూశారో... క్లాసులో అందరివీ ఒకటే కబుర్లు. నేను పెన్సిలు చెక్కుకుంటూ ఉండేదాన్ని. చెక్కీ చెక్కీ అది బొటనవేలంత అయ్యేది. నాలుగో తరగతిలో అయితే ఇంటికొచ్చి ఏడ్చేశాను.

"నాన్నా, మనం కూడా వెళ్దాం. ఒక్కసారి!"

మా నాన్న కోడిని కోస్తుంటేనే పక్కకి తప్పుకునే మనిషి. అయినా నాకోసం ఒప్పుకున్నాడు. తర్వాత వేట లైసెన్సు కోసం క్లాసుకెళ్లి, పరీక్ష రాసి, ఎండాకాలం పోయేలోగా తుపాకీ కొనుక్కొచ్చాడు.

ఏం తుపాకీ అనుకున్నారు? ఎలుగుబంటిని పడగొట్టే మాగ్నమ్ రైఫిల్! కొట్టువాడు చిన్నది చూపిస్తే వద్దన్నాడట. "కొంటే పెద్దదే కొనాలి, మళ్లీ మళ్లీ కొంటామా?" అన్నాడు, ఎదిగే పిల్లకి గౌను వదులుగా కుట్టించినట్టు. మనవాళ్ల తీరే అంత కదా... కుక్కరైనా, కారైనా, ఆఖరికి తుపాకీ అయినా.

పెద్ద తుపాకీకి తన్నుడు కూడా పెద్దదే. తూటా ముందుకి వెళ్తుంటే తుపాకీ వెనక్కొచ్చి భుజాన్ని గుద్దుతుంది. నాన్న ప్రతి శనివారం గురి సాధనకి షూటింగ్ రేంజికి వెళ్లొచ్చి, ఎవరిముందూ చొక్కా విప్పకుండా తిరిగేవాడు. ఒక ఆదివారం చర్చికి తయారవుతూ అమ్మకి దొరికిపోయాడు.

"ఏంటండీ ఆ భుజం, వంకాయ రంగు తిరిగింది?"

"తలుపు తగిలిందే."

"ఆహా, తలుపు గురిచూసి మరీ కొట్టిందా!" అంటూ అమ్మ ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టింది. తిడుతూనే పెట్టింది. నాన్న "అబ్బా" అన్నప్పుడల్లా నేను గుమ్మం చాటుకి తప్పుకునేదాన్ని... వెళ్దామని అడిగింది నేనే కదా.

పక్కింట్లో లిండా ఆంటీ ఉండేది. భర్త పోయిన పెద్దావిడ, వేటకి ఒంటరిగానే వెళ్లేది. నాన్న అవస్థ అమ్మ నోట విని, ఒక శనివారం మాతో రేంజికి వచ్చింది. తుపాకీ తనే సిద్ధం చేసి నాన్న చేతికిచ్చింది. నాన్న గురి చూసి ట్రిగ్గర్ నొక్కాడు. "టిక్" మంది... అంతే. లోపల తూటా పెట్టనేలేదు ఆవిడ! కానీ నాన్న కళ్లు గట్టిగా మూసుకుపోయాయి, భుజం ఎగిరిపడింది, గొట్టం నేలచూపులు చూసింది.

"చూశావా? అది తన్నకముందే నువ్వు ఉలిక్కిపడుతున్నావు," అంది ఆవిడ. "నీ తుపాకీ ఎంత పెద్దదో జింకకి అక్కర్లేదు. తూటా ఎక్కడ తగిలిందన్నదే దానికి లెక్క. నువ్విలా కళ్లు మూసుకుని పేలిస్తే అది గాయంతో రోజుల తరబడి తిరిగి చస్తుంది."

నాన్న మొహం పాలిపోయింది. మరుసటి వారమే ఆ మాగ్నమ్‌ని, వచ్చినంతకి, కొట్టువాడికే తిరిగిచ్చేశాడు.

కొత్తది లిండా ఆంటీయే ఎంపిక చేసింది. బట్టల కొట్లో చొక్కా కొలిచినట్టు, నాలుగైదు తుపాకులు నాన్న భుజానికి ఆనించి చూసింది. చిన్న తూటా చాలంది. తుపాకీ మరీ తేలికగా ఉంటే ఎక్కువ తంతుందట, కాస్త బరువున్నదే తీసుకోమంది. వెనక మెత్తటి రబ్బరు ఉండాలంది. పేల్చి చూశాకే కొననిచ్చింది. దాంతో మొదటిసారి నాన్న కళ్లు తెరిచి పేల్చాడు... నేను చప్పట్లు కొట్టాను.

ఆ నవంబర్లో నేనూ నాన్నా అడవిలో చెట్టుకి ఆనుకుని కూర్చున్నాం. ఫ్లాస్కులో మిరియాల పాలు. పొద్దుగూకేదాకా ఒక్క జింక తోకైనా కనబడలేదు. మర్నాడు క్లాసులో భయం భయంగా "మాకేం కనబడలేదు" అన్నాను. "మాకూ అంతే!" అన్నారు నలుగురైదుగురు. అబ్బ... ఆ "మాకూ" అన్న మాట ఎంత తియ్యగా ఉందో! ఆ రోజు నేను పెన్సిలు ముట్టుకోలేదు.

ఇప్పుడు నేను నోవైలోనే ఉంటున్నాను, ఒక్కదాన్నే. ఇక్కడ జింకల సెలవు లేదు. మొన్న చర్చిలో కొత్తగా వేట నేర్చుకుంటున్న తమ్ముడొకడు అడిగాడు. "అక్కా, గన్ కొందామనుకుంటున్నా. ఒకేసారి పెద్దది తీసుకుంటే బెటర్ కదా?"

నవ్వొచ్చింది... కళ్లలో నీళ్లూ వచ్చాయి. "వద్దురా నాయనా! ముందు చిన్నవి పేల్చి చూడు. నీ భుజం దేనికి ఒప్పుకుంటే అదే కొనుక్కో. రేంజికి వెళ్లేటప్పుడు చెప్పు, నేనూ వస్తా," అన్నాను. "ష్యూర్ అక్కా, కాల్ చేస్తా" అన్నాడు. ఇంకా చేయలేదు.

అమ్మ పోయాక నాన్న ప్రతి ఆదివారం, ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేసేవాడు. "తిన్నావా అమ్మా?" అని, అంతే. నాన్న పోయి కూడా రెండేళ్లయింది. ఇప్పటికీ రెండవుతుంటే నా భుజాలు బిగుసుకుంటాయి. మోగదని తెలుసు... లోపల తూటా లేదని తెలుసు. అయినా ఉలిక్కిపడతాను.

మీకోసం మీ నాన్న పంటి బిగువున ఓర్చుకున్న నొప్పి ఏదైనా గుర్తుంటే ఇక్కడ రాయండి. అన్నీ చదువుతాను... ఆదివారం రెండింటికి నేను ఖాళీయే.