చిన్నాయన చదివిన హుకుం

మా చిన్నాయన నాగర్‌కర్నూల్ తహసీల్ కచేరీలో పేష్కారు. ఉర్దూలో వచ్చిన హుకుం తెలుగులో చదివి చెప్పే ముందు, ఎంతటి పేద రైతునైనా "జర కూసో" అనేవాడు.

యుద్ధకాలంలో, వానలు లేని ఏడు, సర్కారుకు లెవీ జొన్నలు కట్టలేదని మా నాన్న గాదెను ఖాళీ చేయించమని చిన్నాయన కచేరీకి హుకుం వచ్చింది. తను పోకుండా వేరేవాళ్లను పంపమని చిన్నాయన దగ్గర చిన్నమ్మ ఏడ్చింది.

"పరాయోళ్లు పోతే ఇత్తనాలు గూడ ఊడ్సుకపోతరు," అని చిన్నాయనే వచ్చాడు.

"జర కూసో అన్నా."

నాన్న కూర్చోలేదు. "సదువు," అన్నాడు.

చిన్నాయన చదివాడు. విత్తనాలు వదిలేసి మిగతా జొన్నలు బండికెత్తించాడు. మరుసటేడు ఆ విత్తనాలతోనే మా చేను పండింది. అయినా నాన్న తమ్ముడితో మాట్లాడలేదు.

చిన్నాయన కలరాతో పోయాడని కబురొచ్చినప్పుడు నాన్న చేలో ఉన్నాడు. పొద్దుగూకేదాకా, దున్నిన సాలునే మళ్లీ మళ్లీ దున్నాడు.