తాలు ఏరిన కళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆడుకోవడానికి బొమ్మలు లేవు, మిరపకాయలు ఉండేవి. దర్శి వైపు మెట్ట పొలం మాది. కోత మొదలైతే ఇంటిల్లిపాదీ కల్లంలోనే ఉండేవాళ్ళం. నాకు నడక వచ్చిన దగ్గర నుంచీ ఎండబోసిన కాయల మధ్యే తిరిగాను. మా నాయనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తాలు ఏరడం నేర్పింది. తాలంటే రంగు విరిగి తెల్లబడ్డ కాయ, మచ్చ పడ్డ కాయ, వంకర పోయిన కాయ. మంచి సరుకులో నాలుగు తాలు కాయలు కనబడితే చాలు, కొనేవాడు గోతం మొత్తాన్ని వెక్కిరిస్తాడు. అందుకని ముందే ఏరి వేరే కుప్ప పోస్తారు.

నాకది పని అనిపించేది కాదు, ఆటే. నాలుగు గజాల దూరం నుంచి తాలు కాయను పట్టేసేదాన్ని. కూలికి వచ్చిన ఆడవాళ్ళు ఏరి ముగించిన చోటికి వెళ్ళి మళ్ళీ పది కాయలు ఏరి వాళ్ళ ముందు పడేసేదాన్ని. "నీ కళ్ళు కాదే పిల్లా, డేగ కళ్ళు" అనేవాళ్ళు. అందులో సగం మెప్పు, సగం ఒళ్ళుమంట. నాకు మెప్పు ఒక్కటే వినబడేది.

నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉన్నప్పుడు వానలు సరిగా పడలేదు. దానికి తోడు తెగులు తగిలి చేలో చెట్లు నిలువునా ఎండాయి. వచ్చిన కాయలో సగానికి సగం తాలే. తాలు కుప్ప నా ఎత్తున లేచింది. ఆ తాలు కొనడానికి ఒక బేరగాడు బండి తోలుకొస్తానని కబురు పెట్టాడు.

అతను వచ్చే రోజు పొద్దున కల్లం చివర, నాయనమ్మ పాత చీర ముక్క కప్పి ఉంచిన చాట ఒకటి చూశాను. ఆ గుడ్డ ఎత్తి చూస్తే నిండా కాయలు. పొట్టివి, వంకరవి, కొన్నింటికి రంగు కూడా పాలిపోయింది. అయ్యో, ముసలిదానికి చూపు ఆనడం లేదు, తాలుని మంచివనుకుని దాచింది అనుకున్నాను. ఎవరూ చూడకముందే సరిచేస్తే మెచ్చుకుంటుందని చాటెత్తి ఆ కాయలన్నీ తాలు కుప్పలో గుమ్మరించాను. అంతటితో ఊరుకోకుండా కాలితో కలియబెట్టాను కూడా. తర్వాత చాట తీసుకెళ్ళి నాయనమ్మకే ఇచ్చాను.

ఆవిడ ఖాళీ చాట వంక చూసింది. కుప్ప వంక చూసింది. అక్కడే నేల మీద కూలబడింది.

అవి విత్తనం కాయలు. అప్పట్లో విత్తనం కొట్లో కొనే అలవాటు మా ఇళ్ళల్లో లేదు. చేలో చెట్టు మీద ఉండగానే ఎంచి, ఆ చెట్టుకి చీర పేలిక కట్టి, దాని కాయలు విడిగా కోసి ఆరబెట్టేవాళ్ళు. పక్క సంవత్సరం నారు పోసేది ఆ గింజలతోనే. తెగులు చేనంతా తినేసిన ఆ సంవత్సరం పచ్చగా నిలబడ్డవి ఏడే ఏడు చెట్లు. ఆ ఏడింటికే నాయనమ్మ పేలికలు కట్టింది. ఆ కాయలే నేను బేరగాడి పాలు చేయబోయాను.

మా నాన్న సంగతి తెలిసి ఎద్దుల దగ్గర నుంచి ముల్లుకర్రతో పరిగెత్తుకొచ్చాడు. "ఏవే, నిన్నెవరు ముట్టుకోమన్నారే? వచ్చే ఏడు మట్టి తింటావా?" అని కర్ర ఎత్తాడు. నాయనమ్మ లేవలేదు. కూర్చున్న చోటి నుంచే అంది, "దాన్ని కొడితే గింజలు రాలతాయేంట్రా? పోయి, ఆ బేరగాడు వస్తే మజ్జిగిచ్చి కూర్చోబెట్టు. నీ ఎద్దుల గొప్పలు చెప్పు, పొద్దుగూకేదాకా అయిపోవు."

నాన్న కర్ర పారేసి వెళ్ళాడు. మేమిద్దరం కుప్ప ముందు కూర్చున్నాం. నేను గబగబా వెతకసాగాను. నా కళ్ళకి ఒక్కటీ దొరకలేదు. అన్నీ తాలే, అన్నీ వంకరే. చెడ్డ కాయను పట్టడం తెలిసిన దాన్నే గాని, చెడ్డవాటిలో మంచిదాన్ని పట్టడం నాకు తెలియదు. ఏడుపొచ్చింది. మిరపకాయ చేతులతో కళ్ళు తుడుచుకున్నాను. ఇక చూసే పనే లేదు, భగభగ మంట.

నాయనమ్మ నా మొహం కడిగి, తన తలగుడ్డ విప్పి, నా కళ్ళకు కట్టేసింది. "ఈ కళ్ళతోనేగా ఇంత పని చేశావు, కాసేపు వీటిని పడుకోబెట్టు" అంది. ఒక కాయ నా చేతిలో పెట్టి చెవి దగ్గర ఊపమంది. చప్పుడు లేదు. ఇంకోటి పెట్టింది. లోపల గింజలు గలగలమన్నాయి. తెగులు పట్టిన కాయలో గింజ కుళ్ళి తోలుకి అతుక్కుపోతుందనీ, నిలబడ్డ చెట్టు కాయలో గింజ విడిగా మోగుతుందనీ చెప్పింది. అలా నేను ఊపడం, మోగినదాన్ని ఆవిడ చీల్చి గింజ రంగు చూడడం.

అలా ఊపుతూ ఉంటే ఆ ఏడు చెట్ల కథ చెప్పింది. అవి రాళ్ళ గట్టు పక్కన పెరిగాయట. నారు నాటిన రోజు నుంచీ వాటికి నీళ్ళు సరిగా అందలేదట. "అంత ఎండలో పెరిగిన చెట్టుకి కాయ నున్నగా ఎట్టా కాస్తదే? ఆ వంకర రోగం కాదు, బతికొచ్చిన గుర్తు. కాయొక్కటే చూస్తే నీకేం తెలుస్తది? ఎక్కడ నిలబడి కాసిందో అడగాల."

గొంతు తగ్గించి మా నాన్న సంగతి ఎత్తింది. మా తాతయ్య పోయేనాటికి నాన్నకి ఆరేళ్ళు. తిండికి జరగక ఇంకొకరింట్లో పశువుల దగ్గర ఉంచిందట. అక్కడ వాడిని ఎవరూ పేరు పెట్టి పిలవలేదట, కర్రతోనే పిలిచేవారట. "అందుకే వాడికి మాట కంటే ముందు చెయ్యి లేస్తది. అది మంచిదని నేననను. ఎక్కడ నేర్చుకున్నాడో చెప్తున్నా, అంతే" అంది. గుడ్డ కింద నా కళ్ళు ఇంకా మండుతున్నాయి. నాన్నంటే భయం పోలేదు గాని, ఆ భయం పక్కన ఆరేళ్ళ పిల్లాడొకడు వచ్చి నిలబడ్డాడు.

బేరగాడు వచ్చాడు, మజ్జిగ తాగాడు, నాన్న ఎద్దుల గొప్పలు కూడా విన్నాడు. చివరికి విసుగొచ్చి కుప్ప గోతాలకెత్తించాడు. అప్పటికి మాకు దొరికింది రెండు దోసిళ్ళ కాయలు. ఆ చాటలోని మిగతా కాయలన్నీ బండెక్కి పోయాయి. పక్క సంవత్సరం సగం చేనుకే నారు సరిపోయింది. మిగతా సగంలో నాన్న పత్తి వేశాడు. ఆ పత్తి తీయడానికి నన్ను ఎన్నిసార్లు తీసుకెళ్ళినా ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ఇంత జరిగాక నేను మారిపోయానని రాస్తే అబద్ధం. మారలేదు. చిన్నప్పుడు వేళ్ళకి పట్టిన ఆట పెద్దయ్యాక గుణమై కూర్చుంది. అరవై దాటాక అక్షరాలు నేర్చుకుని పేపరు చదవడం మొదలుపెడితే, పిల్లలు ఏ ఇంట్లో, ఏ ఆటల్లో పెరుగుతారో దాన్నిబట్టే మనుషులవుతారని అందులో ఎవరో పెద్దాయన రాశాడు. ఆయన అంత చదవక్కర్లేదు, మా కల్లంలో ఒక్క పూట కూర్చుంటే తెలిసేది.

పెళ్ళయి గుంటూరు వచ్చాక నా కళ్ళే నాకు కూడు పెట్టాయి. కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ళ మీద మేస్త్రినయ్యాను. నేను చూసిన సరుకులో తాలు దొరకదని పేరు. ఇంటికొచ్చినా ఆ కళ్ళు మూతపడేవి కావు. కూరలో ఉప్పు, కోడలి నడక, కూతురు చీర కట్టిన తీరు, అన్నీ ఏరేదాన్ని. "అత్తయ్యా, బియ్యంలో రాళ్ళేరినట్టు మమ్మల్ని ఏరతారు. మీకు వండి పెట్టాలంటే భయమేస్తుందండి" అని కోడలు ఒకసారి మొహం మీదే అంది. ఆ మాట నిజమే. నేను వెళితే నా కూతురు హోటల్ నుంచి తెప్పిస్తుంది, వండదు. ఇలా బతకడం అలుపుగా ఉంటుంది. చూడకూడదనుకున్నా ముందు తప్పే కనబడుతుంది. ఆ అలుపు పడుకుంటే పోయేది కాదు.

మొన్న సీజనులో ఒకామె కొత్తగా పనిలోకి వచ్చింది. రోజూ ఆలస్యం. చెయ్యి నిదానం. ఎవరితోనూ మాట కలపదు. అందరూ తినేటప్పుడు తను దూరంగా పోయి గోడవైపు తిరిగి తింటుంది. మిగతావాళ్ళు "పిన్నీ, దీన్ని తీసెయ్యి, మా అందరికీ పేరు చెడుతుంది" అన్నారు. పొమ్మనే మాట నా నోట్లో తయారుగానే ఉంది. తీరా దగ్గరికి పోయాక, "ఏ ఊరమ్మా మీది? చిన్నప్పుడు ఎవరి దగ్గర పెరిగావు?" అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. తర్వాత చెప్పింది. ఏం చెప్పిందో అది ఆమె సంగతి, ఇక్కడ రాయను. ఆమెను పనిలోంచి తీయలేదు.

ఆలస్యంగా వస్తే తిట్టడం మాత్రం మానలేదు. ఇప్పుడూ తిడుతూనే ఉన్నాను. కాకపోతే ఎవరినైనా సరే, ముందు అడుగుతాను, తర్వాత తిడతాను. నాయనమ్మ దగ్గర నేర్చుకున్నదాంట్లో నాకు ఒంటబట్టింది ఆ ఒక్క ప్రశ్నే. నా ఇంట్లో వాళ్ళను అది అడగడానికి నాకు ఇంతకాలం పట్టింది. మొన్న ఆదివారం కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, మీ అమ్మ నిన్నెలా పెంచిందమ్మా అని అడిగాను. ఆమె మా ఇంటికొచ్చిన పాతికేళ్ళలో ఆ మాట అడగడం అదే మొదలు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది, ఇంకా అయిపోలేదు.