గుట్ట వెనక నుంచి వచ్చిన నీళ్లు

మా తండాలో చావు జరిగితే ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకొని రాగం తీసి ఏడుస్తారు. ఆ ఏడుపులోనే పోయినవాళ్ల కథ ఉంటుంది. మా నాయనమ్మ ఎవరి చావుకు వెళ్లినా చివరికి వరదలో పోయిన తన అక్క కథకే వచ్చేది. అందరూ ముందున్న వాగునే చూస్తుంటే నీళ్లు వెనక గుట్ట మీది నుంచి వచ్చాయనీ, రాళ్లు దొర్లే చప్పుడును అక్క ఉరుమనుకుందనీ పాడేది. బయ్యారం బడిలో తోటిపిల్లలు ఆ రాగాన్ని వెక్కిరిస్తే నేను సిగ్గుతో తల దించుకునేదాన్ని.

తర్వాత చరిత్ర చదివి, మానుకోటలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పే పనిలో చేరాను. నాయనమ్మ పోయింది. వాగుకు ఎత్తుగా ఉందని మా అన్న గుట్ట కింద ఇల్లు కట్టుకున్నాడు.

ఆ వానాకాలం ముసురు విడవలేదు. ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి అన్నకు ఫోన్ చేశాను. ఇంట్లో మాది వేరే భాష; ఆ మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“వాగు ఇంక కిందనే ఉంది చెల్లె, పరేషాన్ గాకు. నేను, పక్కింటి కాక గడప మీద కూసోని దాన్నే చూస్తున్నం.”

“పిల్లలు?”

“లోపలున్నరు. ఉరుములకు భయపడుతున్నరు.”

“మెరుస్తున్నదా అన్నా?”

“లేదు. ఉత్త ఉరుములే.”

“అవి ఉరుములు కావు, గుట్ట మీద రాళ్లు. జల్ది బడి ఉన్న గడ్డ మీదికి పోండ్రి.”

“నాయనమ్మ పాట పట్టుకొని ఇల్లు ఇడిసి పోవాల్నా?” అని నవ్వాడు.

నేను పాడాను. స్టాఫ్ రూములో, అందరి ముందు, నాయనమ్మ రాగంలోనే. అవతల స్పీకర్లో విన్న వదిన పిల్లలిద్దరినీ పట్టుకొని బయటికి నడిచిందట. తిట్టుకుంటూ అన్న ఆమె వెంట వెళ్లాడు. కాకను కూడా పిలిచారు. “వాగు పెరుగుతలేదు గద, మీరు పోండ్రి” అన్నాడట కాక.

వాళ్లు గడ్డ ఎక్కాక నీళ్లు ఇంటి వెనక గోడను కూల్చుకుంటూ వచ్చాయి. కాక శవం వాగు అవతల తుమ్మల్లో దొరికింది. ఆయన కూతురు మెడ మీద చేతులు వేసి నేనూ ఏడ్చాను. ఆమె పాటలోకి అప్పుడే తండ్రి వచ్చి చేరాడు.

వానలు వెనకపట్టాక నా విద్యార్థులను తండాకు తీసుకెళ్లాను. ముసలివాళ్ల పాటల్లో నీళ్లు ఎటు నడిచాయో అడిగి రాసుకొని, అక్కడ ఇంకెవరూ ఇల్లు కట్టొద్దని ఆ దారి పొడవునా బండలకు సున్నం కొట్టాం. మాతో వచ్చిన భూపాలపల్లి అమ్మాయిది బొగ్గు గని కోసం ఖాళీ చేయించిన ఊరు. సున్నం బకెట్ కింద పెట్టింది.

“మా ఊరి పాటలు ఎవలూ రాసుకోలే మేడం. గిప్పుడు వాగు ఏడ పారేదో గూడ చెప్పరాదు” అంది.

ఈ ఏడు గుట్టకు ఒక పక్క మొరం మట్టి తవ్వుతున్నారు. కింద, ఆ సున్నం దారిలోనే, ఇళ్ల ప్లాట్లు పడ్డాయి. నిన్న వదిన ఫోన్ చేసింది.

“బండల మీది సున్నం ఎవలో గీకేసిండ్రు. ఎవలంటే ఎవ్వరు చెప్తలేరు.”

“వాన ఉందా?”

“పొద్దటిసంది పడుతనే ఉంది.”

అన్న ఎక్కడని అడిగాను. ఆ ప్లాట్లలో పునాదులు తవ్వడానికి కూలికి పోయాడని చెప్పింది.